పంటి రంగు – కంటి తీర్పు, యంత్రపు కొలత

తెనాలి బజారులో చీరకు జాకెట్టు గుడ్డ జతచేయుటకు వెళ్ళిన స్త్రీలను చదువరులు ఎప్పుడైనా గమనించియుందురు. దుకాణదారుడు పది తానులు విప్పి, ఒకదానిని చీర అంచు ప్రక్కన పెట్టి, "ఇదిగోనమ్మా, అచ్చుగుద్దినట్టు కలిసింది" అనును. ఆమె ఒప్పుకొనదు. గుడ్డను, చీర కొంగును చేతబట్టుకొని గడపదాటి వీధిలోనికి వచ్చి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూచి, అప్పుడుగాని బేరము మొదలుపెట్టదు. ట్యూబులైటు క్రింద ఒకటిగా కనిపించిన రెండు గుడ్డలు పగటి వెలుతురులో వేరుగా కనిపించవచ్చునని ఆమెకు తెలియును. శాస్త్రజ్ఞులు దీనికి మెటామెరిజమ్ అని పేరు పెట్టినారు. కొల్లిపర నుండి తెనాలికి పోయివచ్చు మా ఇండ్లలోని ఆడవారు ఆ పేరు ఎరుగరు. విషయమును మాత్రము అనుభవముచేత బాగుగా ఎరుగుదురు.

మూర గుడ్డ విషయములో చూపు ఈ జాగ్రత్త, ఏండ్ల తరబడి నోటిలో ఉండవలసిన ముందరి పంటి విషయములో అన్నిచోట్ల కనబడుటలేదు. రెండేండ్ల క్రిందట మా వీధిలోని ఒక అమ్మాయి, డిగ్రీ చదువుచున్నది, కాలువకట్ట మీద స్కూటరు జారిపడి పైవరుస ముందరి పన్ను సగము విరుగగొట్టుకొన్నది. పట్టణములోని ఒక వైద్యశాలకు తీసుకొనిపోయినారు. అక్కడి వైద్యుడు ప్రక్కపంటిపై పెన్నువంటి ఒక పరికరపు మొనను ఆనించగా, క్షణములో దాని తెరపై 'ఏ2' అని పడినది. వారము దినములకు పింగాణీ తొడుగు వచ్చినది. వైద్యశాల దీపము క్రింద అందరికి నచ్చినది. ఇంటికి వచ్చి పెరటిలో అద్దము పట్టుకొని చూచుకొంటే ఆ తొడుగు ఒక్కటే సుద్దముక్కవలె తెల్లగా, వేరుగా నిలిచినది. మరల వెళ్ళి చెప్పగా, ఆ వైద్యుడు అదే పరికరమును తొడుగుకు ఆనించి చూపి, "చూడమ్మా, పన్ను ఏ2, క్యాపూ ఏ2. మిషను అబద్ధం చెప్పదు కదా" అన్నాడట. ఆ పిల్ల తిరిగివచ్చి, నవ్వునప్పుడు చున్నీ కొంగు నోటికి అడ్డము పెట్టుకొనుట అలవాటు చేసికొన్నది. ఒకనాడు నన్ను అడిగినది: "మాస్టారూ, నా కన్ను తప్పా, మిషను తప్పా?"

జవాబు వెదకుచు దంతవైద్య పత్రికలలో వచ్చిన వ్యాసములు కొన్ని చదివినాను. పంటి రంగును కంటితో పోల్చుట మేలా, యంత్రముతో కొలుచుట మేలా అను తగవు అక్కడ చాలకాలముగా నడచుచున్నది. యంత్రమే గెలిచినదని చెప్పిన వ్యాసములు తక్కువగా లేవు. ఆ తీర్పును కొంత పరీక్షించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము. నేను దంతవైద్యుడను కాను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పినవాడను. కావున వైద్యము జోలికి పోక కొలత జోలికే పోవుదును.

ముందుగా, కొలువబోవు వస్తువు ఎట్టిదో చూడవలెను. పలువరుసను మల్లెమొగ్గలతో పోల్చుట మన కవులకు అలవాటు. ఆ ఉపమానమును నమ్మి మల్లెమొగ్గవంటి తొడుగు చేయించినచో నోరు వెగటుగా కనిపించును. సహజమైన పన్ను తెల్లనిది కాదు. లోపల డెంటీను అను లేతపసుపు పదార్థము. దానిపై ఎనామెల్ అను గట్టి పొర. ఈ పొర పూర్తిగా పారదర్శకము కాదు, పూర్తిగా అడ్డుగోడయు కాదు. పసుపు కాగితము మీద నూనెకాగితము పరచినట్లు, లోపలి రంగు పైపొర గుండా కొంత మెత్తబడి వెలుపలికి వచ్చును. చిగురు దగ్గర ఎనామెల్ పలుచన గనుక అక్కడ పసుపు ఎక్కువ. కొరుకు అంచు దగ్గర వెనుక డెంటీను లేదు గనుక అక్కడ కొంచెము నీలిబూడిద ఛాయ తోచును. వయసు పెరిగినకొలది పైపొర అరిగి, లోపలి పదార్థము ముదురు రంగుకు తిరుగును. ఒకే పంటిలో ఇన్ని రంగులుండగా, 'ఈ పంటి రంగు ఏమి?' అను ప్రశ్నయే కొంత తొందరపాటు ప్రశ్న.

రంగును పేర్లతో చెప్పుట ఎంత అస్థిరమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పసుపు పూసిన ముఖమూ పచ్చనిదే, వరి ఆకూ పచ్చనిదే. ఒకే మాట రెంటికిని చెల్లుచున్నది. అమెరికా చిత్రకారుడు మన్సెల్ 1905లో ఈ చిక్కును తీర్చు మార్గము చూపినాడు. ప్రతి రంగుకు మూడు గుణములున్నవి: ఏ జాతి రంగు (ఎఱుపా, పసుపా, నీలమా), ఎంత వెలుగు, ఎంత గాఢము. గదిలో వ్రేలాడు దీపము చోటు చెప్పుటకు మూడు కొలతలు కావలసినట్లు, రంగు చోటు చెప్పుటకును మూడు కొలతలు కావలెను. పంటి రంగును కూడ ఈ మూడు కొలతలతోనే చూడవలెనని 1931లో క్లార్క్ అను అమెరికా దంతవైద్యుడు వ్రాసినాడు. ఆయన మాటను దంతవైద్యులు నలుబదేండ్లు పెద్దగా పట్టించుకొన్నట్లు లేదు. 1973లో స్ప్రౌల్ వ్రాసిన వ్యాసములతో ఆ చర్చ మరల లేచినది.

ఈలోగా ఆచరణలో స్థిరపడినది వేరొకటి. జర్మనీలోని వీటా అను సంస్థ 1956లో 16 నమూనా పళ్ళు గల ఒక పట్టీని వెలువరించినది. దీనిని షేడ్ గైడు అందురు. ఏ, బి, సి, డి అని నాలుగు కుటుంబములు. ఏ ఎఱుపు కలిసిన గోధుమ ఛాయ, బి ఎఱుపు కలిసిన పసుపు ఛాయ, సి బూడిద ఛాయ, డి ఎఱుపు కలిసిన బూడిద ఛాయ. మా అమ్మాయి పంటికి వచ్చిన 'ఏ2' ఈ పట్టీలోని పేరే. లోకములోని దంతములన్నియు ఈ పదునారు గదులలో ఇముడునని ఎవ్వరును నిరూపింపలేదు. గదుల మధ్య దూరములును సమానముగా లేవు. ఈ లోపమును సవరించుటకే అదే సంస్థ 1998లో, మొదట వెలుగును, తరువాత గాఢతను, చివర రంగుజాతిని ఎంచుకొను క్రమములో మరియొక పట్టీని తెచ్చినది. అయినను అలవాటు బలవత్తరమైనది. నేటికిని వైద్యుల నోట పాత పేర్లే వినిపించుచున్నవి.

ఇక కంటి సంగతి. కన్ను చేయు తప్పులు చాల ఉన్నవి. వాటిలో కొన్నింటిని తరగతిలోనే చూపవచ్చును. ఒకే బూడిదరంగు కాగితమునుండి రెండు చదరములు కత్తిరించి, ఒకటి నల్ల అట్ట మీద, ఒకటి తెల్ల అట్ట మీద అంటించండి. నలుపు మీదిది లేతగాను, తెలుపు మీదిది ముదురుగాను కనిపించును. పిల్లలను ఎఱ్ఱని కాగితమువంక అర నిమిషము రెప్పవేయక చూడుమని, తరువాత తెల్లగోడను చూడుమనండి. గోడమీద నీలము కలిసిన ఆకుపచ్చ మరక తేలును. ఎఱ్ఱని పెదవి, గులాబి చిగురు మధ్యనున్న పంటిని వైద్యుడు ఎంతసేపు చూచిన అంత పొరపాటు పడును. అందుకే నమూనాను పంటి ప్రక్కన పెట్టి అయిదారు సెకండ్లకు మించి చూడరాదనియు, పెదవి రంగు తుడిపించవలెననియు, నడుమ నడుమ బూడిదరంగు అట్టపై చూపు నిలుపవలెననియు పాఠ్యగ్రంథములు చెప్పును.

మరియొకటి: రంగు ఎంచుట చికిత్సకు ముందే జరుగవలెను. గంటసేపు నోరు తెరచియుంచిన తరువాత పన్ను ఆరి తెల్లబడును. తడిసిన గుడ్డ ముదురుగా, ఆరిన గుడ్డ లేతగా కనిపించుటకును దీనికిని కారణము ఒకటే. సందులలోని నీరు పోయి గాలి చేరగా కాంతి ఎక్కువగా చెదరును. ఆరిన పంటికి జతచేసిన తొడుగు మరునాటికే తెల్లగా కనిపించుటలో వింత లేదు.

చూచువాని కన్ను కూడ పరీక్షకు నిలువవలెను గదా. ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు 8 మందికి ఏదో ఒక మేరకు రంగుచూపు లోపముండునని లెక్క. స్త్రీలలో ఇది నూటికి ఒకటికంటె తక్కువ. రైలు నడుపువానికి రంగుచూపు పరీక్ష తప్పదు. పంటి రంగు ఎంచువాడు 1917 నుండి లభించుచున్న ఇషిహారా చుక్కల పుస్తకమును ఒకసారి తిరుగవేసికొనుట కష్టమైన పని కాదు. వయసు మీరినకొలది కంటి కటకము పసుపుబారును. ఇది వ్రాయుచున్నవానికిని వర్తించును.

యంత్రమునకు ఈ బాధలు లేవు. స్పెక్ట్రోఫోటోమీటరు తన దీపము తానే తెచ్చుకొనును. తెల్లని కాంతిని పంటిపై పంపి, తిరిగివచ్చిన కాంతిని తరంగదైర్ఘ్యముల వారీగా విడదీసి, ఏది ఎంత వచ్చినదో కొలుచును. ఆ కొలతనుండి మూడు అంకెలు గణించును: ఒకటి వెలుగు, ఒకటి ఎఱుపు–ఆకుపచ్చల మధ్య చోటు, ఒకటి పసుపు–నీలముల మధ్య చోటు. గోడ రంగుతోను, సాయంకాలపు అలసటతోను దానికి పనిలేదు. ఇంతవరకు పొగడదగినదే. కాని తరువాత జరుగునది చూడండి. ఆ మూడు అంకెలను తీసుకొనిపోయి పదునారు నమూనాలలో దగ్గరి దానితో ముడిపెట్టి, దాని పేరు తెరపై వేయును. స్క్రూగేజితో మిల్లీమీటరులో నూరవవంతు కొలిచి, ఫలితమును జానలలో చెప్పినట్లున్నది ఈ పని. రెండు వస్తువులును 'ఏ2' అయినంత మాత్రమున అవి రెండును ఒకటి కావు. రెండింటికిని దగ్గరి గది ఏ2 అని మాత్రమే అర్థము. మా అమ్మాయికి చూపిన ఋజువు ఇక్కడనే జారిపోవుచున్నది.

యంత్రమునకు మరియొక చిక్కు కలదు. రాత్రివేళ చిన్న టార్చిలైటును అరచేతికి గట్టిగా నొక్కి వెలిగించి చూడండి. గాజు ఆనిన చోటనే గాక చుట్టును చర్మము ఎఱ్ఱగా మెరయును. లోపలికి పోయిన కాంతి ప్రక్కలకు పాకి వేరొక చోట బయటపడినదన్నమాట. పన్ను కూడ అట్టిదే. పరికరపు మొన చిన్నది. దాని క్రింద ప్రవేశించిన కాంతిలో కొంత ప్రక్కలకు పోయి మొన వెలుపల బయటపడును. ఆ కాంతి యంత్రము లెక్కకు రాదు. ఫలితముగా పన్ను ఉన్నదానికంటె ముదురుగా నమోదగును. కాంతిని అంతగా లోపలికి పోనీయని పింగాణీ విషయములో ఈ నష్టము తక్కువ. కావున పంటికిని తొడుగుకును యంత్రము ఒకే అంకె చూపినప్పుడు కూడ కంటికి ఆ రెండును వేరువేరుగా కనిపించుటకు వీలున్నది. దీనికి తోడు సూర్యకాంతిలోని కంటికి కనబడని అతినీల కిరణములు సహజమైన పంటిని లేత నీలికాంతితో కొంచెము మెరయజేయును. అన్ని పింగాణీలకు ఆ గుణము సమానముగా ఉండదు. వైద్యశాల దీపము క్రింద కలిసినది పెరటిలో విడిపోవుట ఇందుచేతనే. అమ్మాయి కన్ను తప్పు చూడలేదు. మిషను కూడ అబద్ధము చెప్పలేదు. అడుగని ప్రశ్నకు దాని చేత జవాబు చెప్పించినారు.

ఇప్పుడు పరిశోధన వ్యాసముల మాట. యంత్రపక్షము వారు తరచు ఉదహరించునది 2002లో జ్యూరిచ్ నుండి పౌల్ మొదలగువారు ప్రకటించిన పరిశీలన. 30 మంది పైవరుస ముందరి పళ్ళను ముగ్గురు వ్యక్తులు విడివిడిగా వీటా పట్టీతో కంటితో పోల్చినారు. యంత్రముతోను మూడుసార్లు కొలిచినారు. కంటి తీర్పులు మూడును ఏకీభవించినవి నూటికి 26.6 సందర్భములలో, అనగా 30 మందిలో 8 మంది విషయములో. యంత్రపు తీర్పులు మూడును ఏకీభవించినవి 83.3 వంతున, అనగా 25 మంది విషయములో. ఇది కంటి పక్షమువారు సిగ్గుపడవలసిన అంకె, దానిని దాచనక్కరలేదు.

అయితే ఏకీభావము వేరు, సత్యము వేరు. పది నిమిషములు వెనుకబడిన బడి గడియారము ప్రతిదినము తనతో తాను ఏకీభవించును. పిల్లలు మాత్రము ప్రతిదినము ఆలస్యముగా ఇంటికి పోవుదురు. ఈ భేదమును స్పష్టముగా చూపిన పరిశీలన 2009లో కిమ్–పుసతేరి మొదలగువారిది. వారు నాలుగు పరికరములను పరీక్షించి, తిరిగి తిరిగి అదే జవాబు చెప్పు గుణమును ఒకటిగాను, సరియైన జవాబు చెప్పు గుణమును వేరొకటిగాను లెక్కించినారు. మొదటి గుణములో నాలుగును 87.4 నుండి 99 వంతుల మధ్య నిలిచినవి. రెండవ గుణములో 66.8 నుండి 92.6 వరకు చెదరిపోయినవి. నూటికి 99 సార్లు అదే మాట చెప్పిన పరికరము సరిగా చెప్పినది సుమారు 85 సార్లే. ఉపాధ్యాయ మిత్రులు కొలతల పాఠములో ఈ ఒక్క ఉదాహరణ చెప్పినచో చాలును.

ఆ పరిశీలనలో కూడ ఒక సంగతి గమనింపదగినది. కొలిచినవి నోటిలోని పళ్ళు కావు, షేడ్ గైడులోని నమూనాలు. 'ఏ2' నమూనాను కొలిచినప్పుడు 'ఏ2' అనుట సరియైన జవాబు. ఇది పాఠ్యపుస్తకములోని లెక్కలనే పరీక్షలో ఇచ్చినట్లు. తడిసి, వంపులు తిరిగి, చిగురులో దిగబడిన పంటి విషయములో సరియైన జవాబు ఏదో ముందుగా ఎవరికి తెలియును? జ్యూరిచ్ వారు ఈ చిక్కును వేరొక విధముగా దాటినారు. యంత్రము ఎంచిన నమూనాకు పంటికి గల రంగు దూరమును, కన్ను ఎంచిన నమూనాకు పంటికి గల రంగు దూరమును గణించి పోల్చినారు. 30 మందిలో 28 మంది విషయములో యంత్రపు ఎంపిక దగ్గరగా ఉన్నది. కాని ఆ దూరము యంత్రపు అంకెలలో గణించినది. కబడ్డీ ఆటలో ఒక జట్టు నాయకుడే ఈల పట్టుకొన్నట్లు కొంత తోచుచున్నది. ఆయన న్యాయముగానే ఆడియుండవచ్చును. అయినను ప్రేక్షకులకు అనుమానము తీరదు.

యంత్రము కన్నును ఓడించినదనుటలో ఇంకొక మెలిక ఉన్నది. దీనిని ఎవ్వరును తగినంతగా చెప్పినట్లు నాకు కనబడలేదు. తరంగదైర్ఘ్యముల కొలతనుండి రంగు అంకెలు వచ్చుటకు మధ్యలో ఒక పట్టిక కావలెను: ఏ కాంతికి మనిషి కన్ను ఎంతగా స్పందించునో చెప్పు పట్టిక. అంతర్జాతీయ ప్రకాశ సంఘము దీనిని 1931లో నిర్ణయించినది. దీనికి ఆధారము ఇంగ్లండులో రైట్, గిల్డ్ అను ఇద్దరు చేసిన ప్రయోగములు. రైట్ 10 మందిని, గిల్డ్ 7గురిని కూర్చుండబెట్టి రంగులు కలిపించి చూచినారు. ఆ 17 మంది కండ్ల సగటునే నేటికిని 'ప్రమాణ పరిశీలకుడు' అనుచున్నారు. కావున పంటికి ఆనించు పరికరములో కన్ను లేదనుకొనుట భ్రమ. అందులో పదునేడుగురు కూర్చుండి చూచుచున్నారు. వారు అలసిపోరు, అభిప్రాయము మార్చుకొనరు. అంతే భేదము.

రంగు దూరము అనుమాట వచ్చినది గనుక దానిని లెక్కగా చూతము. మూడు అంకెల మధ్య దూరము పైథాగరస్ సూత్రమునే మూడవ కొలతకు పొడిగించుటచే వచ్చును; 1976 నాటి సూత్రము ఇదియే. ఉదాహరణకు నేను కల్పించిన ఒక పంటి అంకెలు: వెలుగు 75, ఎఱుపు 1, పసుపు 18. ఒక తొడుగు అంకెలు 74, 1, 20. తేడాలు 1, 0, 2. వర్గముల మొత్తము 5. దూరము సుమారు 2.2. రెండవ తొడుగు 77, 1, 17. తేడాలు 2, 0, 1. దూరము మరల 2.2. యంత్రము దృష్టిలో రెండును సమానమైన తప్పులే. కాని ఒకటి కొంచెము మసకగా, పసుపుగా ఉండి నోటి నీడలో కలిసిపోవచ్చును. రెండవది మెరసి ముందుకు వచ్చును. ఒక్క అంకెలో దూరము తెలిసినది, దిక్కు పోయినది. 2015లో పరవీన మొదలగువారు ప్రకటించిన లెక్క ప్రకారము, ఈ సూత్రములో 1.2 దూరమున్నప్పుడు చూచువారిలో సగముమంది తేడాను కనిపెట్టుదురు, 2.7 వరకు సగముమంది సరేనని ఒప్పుకొందురు. మన 2.2 ఆ రెండింటి నడుమ పడినది. అనగా తేడా కనిపించును, కాని ఫరవాలేదందురు. ఎవరు అందురు? సగముమంది. మిగిలిన సగములో మా అమ్మాయి ఉన్నచో ఆమెకు ఏమి చెప్పవలెను? పైగా ఆ 1.2, ఆ 2.7 ఎక్కడివి? మనుష్యులను కూర్చుండబెట్టి చూపించి సంపాదించినవే.

మా ప్రాంతపు పొలములలో ఇట్టి తగవు మరియొకటి ఉన్నది. వరి ఆకు ఎంత పచ్చగా ఉన్నదో చూచి యూరియా వేయవలెనా మానవలెనా నిర్ణయించుటకు ఒక రంగుల పట్టీ ఉన్నది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1990 దశకములో దీనిని వ్యాప్తిలోనికి తెచ్చినది. అదే పనికి జపాను మినోల్టా వారు చేసిన స్పాడ్ మీటరు అను పరికరమును ఉన్నది. ఆకును దాని దవడలో పెట్టగానే అంకె చూపును. ఇక్కడ కూడ కన్నూ యంత్రమూ ఎదురెదురుగా నిలిచినవి. అయితే పట్టీతో ఇచ్చు సూచనలు చూడండి: ఎండ తగులకుండ ఆకును నీ నీడలో ఉంచి చూడుము, ప్రతిసారి ఒకే మనిషి చూడవలెను, దినములో ఒకే వేళకు చూడవలెను, ఒక్క ఆకుగాక పది ఆకులు చూడవలెను. కంటి లోపములను తెలిసికొని, వాటికి కంచె కట్టి, ఆ తరువాత కన్నును నమ్మినారు. దంతవైద్యశాలలో షేడ్ గైడు పట్టుకొన్నప్పుడు ఈపాటి కంచె ఎందరు కట్టుచున్నారు? కంటిని ఏ కట్టుబాటు లేక విడిచిపెట్టి, యంత్రమును సకల కట్టుబాట్లతో నడిపి, ఆ రెంటిని పోల్చిన పరిశీలనల తీర్పును అంతమేరకే తీసుకొనవలెను.

యంత్రము ముందు కన్నుకు స్పష్టముగా పైచేయి అయిన చోటు ఒకటి ఉన్నది. అది మన తెలుగుదేశములోనే ఉన్నది. నీటిలోని ఫ్లోరైడు వలన పళ్ళపై సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు పడు వ్యాధిని మన దేశములో 1937లో షార్ట్ మొదలగువారు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుండి వివరించినారు. కనిగిరి ప్రాంతము, నల్లగొండ ప్రాంతము దీనికి పేరుపడినవి. కృష్ణ కాలువనీరు త్రాగు మా డెల్టా గ్రామములలో అట్టి పళ్ళు అరుదు. కాని అక్కడి కోడలో, ఇక్కడ ఉద్యోగమునకు వచ్చిన మేష్టరో నవ్వినప్పుడు చూచుచున్నాము. అట్టి పంటికి పరికరపు మొనను ఎక్కడ ఆనించవలెను? మచ్చ మీదనా, మచ్చల నడుమనా? నాలుగు మిల్లీమీటరుల పక్కకు జరిపినచో వేరొక పేరు వచ్చును. ఇట్టి పళ్ళ తీవ్రతను తరగతులుగా విభజించుటకు డీన్ అను అమెరికా దంతవైద్యుడు 1942లో స్థిరపరచిన పద్ధతి పూర్తిగా కంటిచూపు మీద నడచునదే. నేటికిని వాడుకలో ఉన్నది. ఒక తొడుగును అట్టి పళ్ళ నడుమ కలుపవలెనన్నచో పంటి బొమ్మ గీచి, ఏ మూల ఏ మచ్చయో కంటితో చూచి గుర్తించి, పింగాణీ పనివానికి పంపవలెను. దానికి నిలకడైన వెలుతురులో తీసిన ఛాయాచిత్రము తోడైనచో మరింత మేలు. సెల్‌ఫోను చిత్రము మాత్రము నమ్మదగినది కాదు. వెలుతురును బట్టి రంగులను తనంతట తానే సర్దును. నమూనా పంటిని కూడ అదే చిత్రములో ప్రక్కన పెట్టి తీసినచో, ఫోను ఎంత సర్దినను రెంటినీ కలిపియే సర్దును గనుక, పోలిక కొంత మిగులును.

ఇంకొక మాట చెప్పి విడిచెదను. కన్నైనను యంత్రమైనను చెప్పునది ఎట్టి రంగు కావలెనో మాత్రమే. ఆ రంగు వచ్చుట పనివాని చేతిలో ఉన్నది. పింగాణీ మందము, కొలిమి వేడి, లోపలి మొద్దు రంగు, అంటించు సిమెంటు రంగు – వీటిలో ఏది మారినను చివరి రంగు మారును. రంగు ఎంచు దశలోనే పరిశోధన ఆపి గెలుపోటములు ప్రకటించిన వ్యాసములు, పెండ్లిచూపుల వద్దనే ఆగి కాపురము సంగతి చెప్పినట్లున్నవి. తయారై నోటిలో కూర్చున్న తొడుగును, పగటి వెలుతురులో, దాని సొంతదారు చూచి ఏమన్నదో అడిగిన వ్యాసములను నేను ఎక్కువగా కోరుచున్నాను.

మా అమ్మాయి సంగతి ఏమైనదో చదువరులు అడుగుదురు. ఆరు నెలల తరువాత మరియొక వైద్యునివద్దకు పోయినది. నేనును తోడు పోయినాను. ఆయనవద్దను పరికరమున్నది. దానిని పంటిపై చిగురు దగ్గర, నడుమ, అంచు దగ్గర మూడుచోట్ల ఆనించి మూడు పేర్లు వ్రాసికొన్నాడు. తరువాత కిటికీ దగ్గరకు పిలిచి, పంటిని తడిపి, మూడు నమూనాలను ఒకదాని తరువాత ఒకటి చూచి, చిత్రములు తీసినాడు. తొడుగు తుదిమెరుగు పెట్టకముందే ఒకసారి అమర్చి, చేతి అద్దము ఇచ్చి, "బయటికి వెళ్ళి చూసుకో అమ్మా" అన్నాడు. ఆ పిల్ల మెట్లు దిగి, వీధిలో ఎండలో ఒకసారి, వేపచెట్టు నీడలో ఒకసారి చూచుకొని వచ్చి, "అంచు దగ్గర ఇంకా తెల్లగా ఉందండీ" అన్నది. ఆయన మరల కొలువలేదు. ఆమె చెప్పినది చెప్పినట్లే చీటీ మీద వ్రాసి పనివానికి పంపినాడు. పది దినముల తరువాత వచ్చిన తొడుగును ఆమె అట్లే వీధిలోనికి తీసుకొనిపోయి చూచుకొని, అద్దము తిరిగి ఇచ్చి, సరిపోయిందన్నది. రెండు బారల దూరమునుండి ఏది పన్నో, ఏది తొడుగో నేను పోల్చలేకపోయినాను. నా కండ్లు అరువది దాటినవి గనుక నా సాక్ష్యమును లెక్కలోనికి తీసుకొననక్కరలేదు.